మేస్త్రమ్మ కుడి భుజం

మంగళవారం పొద్దున వంటింట్లోకి వచ్చిన ఇంటాయన, స్టవ్ ముందు నిలబడ్డ మనిషిని వెనకనుంచి చూసి, ఎవరో పరాయి ఆవిడ అనుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

నడుము దాటే జడ లేదు. జుట్టు మెడ దగ్గరికి, బడిపిల్లాడికి కత్తిరించినట్టు పొట్టిగా ఉంది.

"వేడికి తీయించేశాను," అంది మేస్త్రమ్మ, వెనక్కి తిరగకుండానే.

ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. ఎంత రద్దీలోనూ హారన్ కొట్టని డ్రైవరని పేరు. కాఫీ గ్లాసు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, తాగకుండా పిట్టగోడ మీద పెట్టేశాడు.

అనవలసినవన్నీ కొడుకే అన్నాడు. అతను తల్లి బృందంలోనే రంగులు వేస్తాడు. మూడు వారాలుగా అతని కడుపులో ఉన్న మంటంతా జడ పేరుతో బయటికొచ్చింది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పదనీ, పనిలోనూ అంతేననీ అన్నాడు. బాగుచేస్తున్న వందేళ్ళ కచేరీ హాలు మళ్ళీ తెరవడానికి తొమ్మిది రోజులే ఉంది. గోడలు అయిపోయాయి, తలుపులు అయిపోయాయి, పైకప్పు చుట్టూ గియ్యాల్సిన గీత మాత్రం మొదలే కాలేదు. ఒకరోజు సున్నం ఆరలేదంటుంది, ఒకరోజు రంగు చిక్కబడిందంటుంది. పరంజా మాత్రం ఎక్కదు. కంట్రాక్టరు రోజూ వచ్చి అతన్ని అడుగుతున్నాడు, అతను నేల చూపులు చూస్తున్నాడు.

"నీకు మా పని నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. ఇలా సతాయించకు."

మేస్త్రమ్మ పొంగుతున్న పాలు దించింది. ఎడంచేత్తో దించింది.

కోడలు అది చూసింది.

ఆమె పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. అందరూ అత్తగారి తల వైపు చూస్తున్నారు గాని ఆమె అర వైపు చూస్తోంది. పప్పుల డబ్బాలు, పెద్ద మూకుడు, చెంచాల బుట్ట ఇదివరకు పై అరలో ఉండేవి. ఒక్కొక్కటే కిందికి దిగి గట్టు మీదికి చేరాయి. ఎప్పుడు దిగాయో ఎవరూ గమనించలేదు.

"అత్తయ్యా, పై అరలో ఆ గిన్నె ఉంది కదా, అందిస్తారా? కుడిచేత్తో," అంది.

మేస్త్రమ్మ అర వైపు చూడకుండా స్టవ్ కట్టేసింది.

"నీ చేతులకేమైంది?" అంది మేస్త్రమ్మ. అంటూనే ఎడమ అరచేయి తీసుకెళ్ళి కుడి భుజం మీద వేసుకుంది.

బాల్కనీ గుమ్మంలోంచి ఇంటాయన గొంతు వినిపించింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నువ్వేం దొంగిలించావు?"

ఎవరూ నవ్వలేదు. జడ అల్లుకోవాలంటే చేయి తల వెనక్కి పోవాలి. పోవడం లేదు. ఇంట్లో ఎవరినైనా జడ వెయ్యమంటే ఎందుకని అడుగుతారు. అందుకని జడే తీయించేసింది. ఆ మాట నోటితో ఎవరూ అనకుండానే మిగతా ముగ్గురికీ అర్థమైంది.

*

గది తలుపు వేసుకుని కోడలు అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టింది.

ఇద్దరి మధ్యా పాత మాట ఒకటి ఉంది. పెళ్ళి మాటలప్పుడు, పిల్ల ఏం చేస్తుందని అడిగి, విని, "అంటే ఒళ్ళు పట్టే ఉద్యోగమా," అని మేస్త్రమ్మ అంది. ఎగతాళికి అనలేదు, తెలియక అంది. కాని అన్నది అన్నట్టే ఉండిపోయింది. రెండేళ్ళుగా కోడలు ఈ ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా అడగనిదే చెయ్యి వెయ్యలేదు.

ఇవాళ అడగకుండానే వేసింది. కుడిచేతిని మెల్లగా పక్కకి, భుజం ఎత్తుకి లేపింది. అంతవరకూ వచ్చింది. "నేను వదిలేస్తాను. మీరలాగే నిలిపి, నెమ్మదిగా దించండి," అని వదిలింది.

చేయి నిలబడలేదు. తీగ తెగిన తడిగుడ్డలా ఒడిలో పడింది.

మేస్త్రమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. తరవాత, గోడతో చెప్పినట్టు చెప్పింది. మూడు వారాల కింద, మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు, ఒక్కతీ పైన ఉంది. కాలికింద పలక జారింది. ఇనప గొట్టం అందుకుంది. ఒంటిచేత్తో వేలాడింది, ఎంతసేపో కాదు, ఒక్క ఊపిరి. లోపల ఏదో గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. దిగి, మొహం కడుక్కుని, సున్నం ఆరలేదని అందరికీ చెప్పింది.

"మూడు వారాలు," అంది కోడలు. ఆమె గొంతులో కోపముంది. "ఇంట్లో నేనుండగా మూడు వారాలు."

"నీకు చెబితే పని మానమంటావు."

"అంటాను."

"అందుకే."

ముందు మెత్తబడ్డది పెద్దావిడే. లోపల ఏం జరిగిందో చెప్పమంది. డాక్టర్లు చెప్పినట్టు కాదు, మేస్త్రికి మేస్త్రి చెప్పినట్టు చెప్పమంది.

కోడలు ఆమె వెనక్కి వెళ్ళి రెండు వేళ్ళతో వీపు మీది రెక్క ఎముక అంచు పట్టుకుంది. "తుంటి కీలు గిన్నెలో పెట్టిన బంతి. కదలమన్నా ఎక్కువ కదలదు. భుజం అలా కాదు. ఈ రెక్క ఎముక చివర ఒక చిన్న సాసరుంది, దానికి ఆనించిన బంతి మీ చెయ్యి. అందుకే అన్ని వైపులా తిరుగుతుంది. ఒంట్లో మిగతా కీళ్ళకన్నా భుజం కీలు ఎక్కువగా జారేదీ అందుకే."

"మరి రోజూ జారిపోకుండా ఎవరు పట్టుకుంటున్నారు?"

"చుట్టూ నాలుగు చిన్న కండరాలు. పరంజాకి నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టరూ, అలా. ఈ రెక్క ఎముక కూడా పక్కటెముకలకి అతుక్కుని లేదు, కండరాల మీద తేలుతోంది. చెయ్యంతా కలిపి మొండేనికి కీలుతో అతికిన చోటు ఒక్కటే." వేలు ముందుకు తెచ్చి, గొంతు గుంట పక్కన కాలర్ బోన్ మొదలు తాకింది. "ఇక్కడ."

మేస్త్రమ్మ తన ఎడంచేతి వేలు కూడా అక్కడే పెట్టి చూసుకుంది. "ఇంత వెదురుపుల్ల మీదనా?"

"అంతే. జనం భుజం మీద పడితే ఎక్కువగా విరిగేదీ అదే."

"దీని మీద ముప్పై ఐదేళ్ళు పైకప్పులు మోశానా," అంది. గొంతులో నొప్పి లేదు. లెక్కకు మించి పని చేసిన ఎద్దుని రైతు నిమిరినట్టు ఉందా మాట.

నాలుగు తాళ్ళలో పైనున్నది ఎముక చూరు కిందనుంచి పోతుందనీ, చెయ్యి తలకన్నా పైకి లేచినప్పుడల్లా ఆ చూరుకి ఒరుసుకునే వీలుందనీ, ఏళ్ళ తరబడి అలా అరిగి సన్నబడి ఉంటుందనీ, ఆ రోజు బరువంతా దాని మీద పడి తెగి ఉంటుందనీ కోడలు చెప్పింది. స్కాన్ తీస్తేగాని ఖాయంగా చెప్పలేనంది.

"అయితే చేతకాక కాదు," అంది మేస్త్రమ్మ చివరికి.

ఇన్ని రోజులూ ఆవిడ దాచింది నొప్పిని కాదని కోడలికి అప్పుడు తెలిసింది. చెయ్యి లేవకపోతే, వయసైపోయిందనుకుంది. పనితనం పోయిందనుకుంది. జాలిగా చూస్తారేమోనని భయపడింది.

"చేతకాక కాదత్తయ్యా. రెక్కలు ముక్కలు చేసుకున్నారని ఊరికే అంటారు జనం. మీరు నిజంగానే చేసుకున్నారు."

అప్పుడు మేస్త్రమ్మ నవ్వింది. నవ్వి, ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పింది. గీత మణికట్టులోంచి గీస్తే వణుకుతుంది. మోచేతిలోంచి గీస్తే వంగుతుంది. వీపులోంచి రావాలి. ఎందుకో తెలియదు, ఒంటికి తెలుసు. పనివాళ్ళకి చెబితే, మేస్త్రమ్మ వీపుతో బొమ్మలేస్తుందని నవ్వుతారు.

కోడలు చెయ్యి ఇంకా ఆ రెక్క ఎముక మీదే ఉంది. "నవ్వడానికేముంది," అంది నెమ్మదిగా. "ఇది ముందుకు జారుతూ పోతే చెయ్యి దీని వెంట తేలికగా పోతుంది. ఇది బిగుసుకుంటే చేతికి వణుకు. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ నేను మొట్టమొదట చెప్పేది ఇదే. నాకు నేర్పడానికి నాలుగేళ్ళు పట్టింది. మీరు నిచ్చెన మీద కనిపెట్టారు."

ఒకరినొకరు చూసుకున్నారు. రెండేళ్ళలో మొదటిసారి, అత్తాకోడళ్ళుగా కాక, పని తెలిసిన ఇద్దరు మనుషులుగా చూసుకున్నారు.

*

స్కాన్ ఆ మధ్యాహ్నమే అయింది. నాలుగింటిలో పైది పూర్తిగా తెగి వెనక్కి లాక్కుపోయింది. వెనకది సగం చిరిగింది.

సర్జన్ మాట దాచే మనిషి కాదు. పాత అరుగుదల మీద కొత్తగా తెగింది కాబట్టి త్వరగా కుట్టాలన్నాడు. ఆలస్యం చేస్తే కండ ఎండి కొవ్వుగా మారుతుంది, అప్పుడు కుట్టడానికి ఏమీ మిగలదు. కుట్టాక ఆరు వారాలు చెయ్యి కట్టులోనే. మామూలు పనులకి ఆరు నెలలు. రోజంతా తలపైకి చెయ్యెత్తి చేసే పని, మళ్ళీ వస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు.

మేస్త్రమ్మ పాత గోడ గురించి ఇంకో మేస్త్రి చెబుతున్నట్టు విన్నది. చివర్లో ఒకటే అడిగింది, తొమ్మిది రోజులు ఆగొచ్చా అని. ఆగొచ్చు, నెల మాత్రం వద్దు అన్నాడాయన. ఖాళీ దొరకగానే ఫోన్ చేస్తామన్నారు.

ఇంటికి వచ్చే బస్సులో తల్లీ కొడుకూ ఒక సీట్లో కూర్చున్నారు. వాళ్ళ ముందు సీట్లో కోడలు.

వేరే మేస్త్రిని పిలుద్దామన్నాడు కొడుకు. పొద్దున అన్న మాటలకి అతని మొహం ఇంకా పైకి లేవడం లేదు. టేపు అతికించి గీద్దామన్నాడు, తనే మళ్ళీ వద్దన్నాడు. కొత్త పూత కింది సున్నం వందేళ్ళనాటిది, టేపు లాగితే పెచ్చులుగా ఊడి వస్తుంది. చేత్తో గియ్యాల్సిందే.

"నువ్వు గియ్యి," అంది తల్లి.

రెండు స్టాపులు దాటాయి.

అతనికి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక బడి వరండాలో గీత గీశాడు. అందరి ముందూ ఆవిడ నిచ్చెన ఎక్కి, ఒక్క మాట అనకుండా తడిగుడ్డతో తుడిచేసింది. పదకొండేళ్ళయింది. మళ్ళీ ఆ సన్న కుంచె పట్టలేదు. ఊళ్ళో అతనంత నున్నగా గోడ వేసేవాడు లేడంటారు. గీత దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకి తప్పుకుంటాడు.

"ఆ రోజు నలుగురి ముందూ తుడిచేశావు," అన్నాడు.

"గీత బాగాలేదు."

"బాగాలేదని నాకూ తెలుసమ్మా. ఎందుకు బాగాలేదో చెప్పొచ్చుగా."

మేస్త్రమ్మ కిటికీలోంచి చూసింది. అటే చూస్తూ అంది: "చెప్పడం రాక తుడిచాను. నాకూ ఎవరూ చెప్పలేదురా, చూసి నేర్చుకున్నాను. చూస్తే రానివాడికి ఎలా చెప్పాలో ఇవాళ మీ ఆవిడ నోట విన్నాను."

ముందు సీట్లో కోడలు వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

*

బుధవారం నుంచి హాలు వెనక సామాను గదిలో గోడ మీద సాధన మొదలైంది. కోడలు ఆసుపత్రిలో పని ముగించుకుని నాలుగింటికల్లా వచ్చేది. భర్త వెనక నిలబడి అరచేయి రెక్క ఎముక మీద పెట్టేది. మేస్త్రమ్మ కుడిచేయి మెడకు కట్టిన గుడ్డలో పెట్టుకుని, బోర్లించిన రంగు బకెట్ మీద కూర్చునేది.

"భుజం చెవి దగ్గరికి ఎక్కింది. దించు," అనేది పెద్దావిడ.

"రెక్క ఎముక ఆగిపోయింది. ఊపిరి వదలండి," అనేది చిన్నావిడ.

మధ్యలో అతను కుంచె బకెట్లో పడేసి బయటికి పోయాడు, రెండుసార్లు. రెండోసారి, టిఫిన్ తెచ్చి అక్కడే ఉన్న తండ్రి అతని వెనకే వెళ్ళాడు. ఏం చెప్పారని కోడలు తరవాత అడిగితే, ఏమీ చెప్పలేదనీ, పెద్ద బస్సు మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్ చూసేవాణ్ణి కాదనీ, రోడ్డు చివర చూసేవాణ్ణనీ మాత్రం అన్నానన్నాడు. "అది కూడా చెప్పడమేనా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

శుక్రవారం సాయంత్రం అతను ఆరడుగుల గీత ఆపకుండా లాగాడు. కోడలు చెయ్యి కింద ఆ ఎముక పడవలా సాగిపోయింది. మేస్త్రమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఇక్కడెందుకు వృథా చెయ్యడం," అందావిడ. "పైకెక్కు."

శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం. మీగడ రంగు పైకప్పు చుట్టూ, గుండ్రంగా తిరిగే అంచు వెంట, రెండు వేళ్ళ వెడల్పున ముదురు నీలం గీత, దాని పక్కనే పీచంత సన్నగా బంగారు గీత. కింద నేల మీద మెడ వెనక్కి వాల్చి ఆవిడ అతనితో పాటే నడిచింది. అతని భుజం పైన ముందుకు సాగినప్పుడల్లా కింద ఆవిడ కుడి భుజం కట్టులోనే సాగబోయి, నొప్పికి ఆగేది. ఒక్కచోట గీత వెంట్రుకవాసి లావైంది. ఆవిడ అక్కడ ఆగింది. పైనుంచి అతను చూశాడు. "వంపు దగ్గర తొందరపడ్డావు. అందుకే," అంది. చెరపమనలేదు. అతనే చెరిపి మళ్ళీ గీశాడు.

బుధవారం మధ్యాహ్నానికి గీత మొదలైన చోటికి తిరిగొచ్చి కలిసింది. అతుకు ఎక్కడుందో గీసినవాడికే తెలియాలి.

గీత మొదలైందని విన్నాక మళ్ళీ ఇటు రాని కంట్రాక్టరు వచ్చి, తల ఎత్తి, హాలంతా ఒక చుట్టు తిరిగాడు. "మేస్త్రమ్మ చెయ్యంటే చెయ్యే," అన్నాడు. కట్టు వైపు చూసి, నొప్పితో కూడా పూర్తి చేశారని మెచ్చుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. కొడుకు పరంజా మీదనుంచి ఊరుకోమన్నట్టు తల ఊపాడు కూడా.

"నా చెయ్యి కాదు," అంది మేస్త్రమ్మ. హాల్లో పనివాళ్ళందరికీ వినపడేలా అంది. "మావాడి చెయ్యి. నేను కుంచె ముట్టుకోలేదు."

కంట్రాక్టరు మొహంలో రంగు మారింది. గీత మేస్త్రమ్మ చేత్తోనే ఉండాలని ఆర్కిటెక్టు పట్టుబట్టి ఆవిడను పెట్టించిన సంగతి అందరికీ తెలుసు. ఆయన రేపు పొద్దున పదింటికి చూడ్డానికి వస్తున్నాడు, సాయంత్రం హాలు తెరుస్తారు. దాచిపెట్టడం తన వల్ల కాదనీ, ఆయన వద్దంటే మధ్యాహ్నంలోగా మొత్తం మీగడ రంగు కొట్టించేస్తాననీ కంట్రాక్టరు అన్నాడు. ఆ మాట బెదిరింపుగా అనలేదు. అతని గొంతులోనూ బాధే ఉంది.

అతను వెళ్ళాక పది నిమిషాలకే కోడలి ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. రేపు పొద్దున ఎనిమిదింటి ఆపరేషన్ ఒకరు వాయిదా వేసుకున్నారట. ఇది కాదంటే సర్జన్ ఊళ్ళో ఉండడు, మళ్ళీ నెల తరవాతే.

నెల తరవాతే వెళ్దామన్నాడు కొడుకు. పరంజా గబగబా దిగి తల్లి ముందు నిలబడ్డాడు. "నువ్వు పక్కన లేకుండా నేను ఆయన ముందు నిలబడలేనమ్మా. నువ్వు చెబితే వింటాడు."

"నేను చెబితే వింటాడు. నిజమే," అంది ఆవిడ. "అప్పుడు నా మాట చూసి ఒప్పుకున్నట్టవుతుంది గాని నీ గీత చూసి కాదు. దాని పక్కన నిలబడి సాక్ష్యం చెప్పడానికి నేను అక్కర్లేదు. మీ నాన్నని తోడు తీసుకెళ్ళు. నోరు విప్పకు, ఆయన్ని చూడనివ్వు." కోడలి వైపు తిరిగింది. "ఎనిమిదింటికి వస్తున్నామని చెప్పమ్మా."

అమ్మా అని ఆవిడ కోడల్ని పిలవడం అదే మొదలు. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

*

గురువారం ఏడూ ముప్పావు. ఆపరేషన్ గది బయట, చక్రాల మంచం మీద మేస్త్రమ్మ. సర్జన్ ఆవిడ కుడి భుజం మీద నల్ల పెన్నుతో గుర్తు పెట్టి వెళ్ళాడు. ఆవిడ తల వంచి ఆ గుర్తు చూసి, చెయ్యి వణుకుతోంది ఈయనకి, మణికట్టులోంచి గీశాడు అంది. నర్సు నవ్వింది.

కోడలు దుప్పటి సర్దుతుంటే ఫోన్ మోగింది. మామగారు. హాలు లోపలినుంచి మెల్లగా మాట్లాడుతున్నాడు.

విని, కోడలు ఫోన్ చెవికి ఆనించుకునే చెప్పింది. ఆర్కిటెక్టు పదిదాకా ఆగలేదు, అప్పుడే వచ్చేశాడు. కంట్రాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దమనిషి ఏమీ అనలేదట. గీసినవాణ్ణి కూడా పలకరించలేదట. కోటు విప్పి కుర్చీ మీద పడేసి, పరంజా ఎక్కుతున్నాడట.

మంచం కదిలింది. తలుపులు రెండు వైపులా తెరుచుకున్నాయి.

"దగ్గరికి వెళ్ళనీ," అంది మేస్త్రమ్మ, పైనున్న తెల్లటి కప్పు వైపు చూస్తూ. "దూరంనుంచి బాగున్న గీతలు ఊళ్ళో చాలా ఉన్నాయి. మావాడిది దగ్గరికి వెళ్ళి చూడాల్సిన గీత."

తలుపులు మూసుకున్నాయి. కోడలు ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. అవతల మామగారి ఊపిరి వినిపిస్తోంది, పరంజా మెట్లమీద ఒకరి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు పైదాకా వెళ్ళి ఆగింది.